కండక్టివ్ ఎడ్యుకేషన్: ఈ వృత్తిని ఎవరు నిలబెడతారు?

ఇంగ్లండ్‌లో పిల్లల ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. చదివింది విజయవాడలో. ఈ వ్యాసం మాత్రం నా వృత్తి గురించి కాదు, నాతో కలిసి పనిచేసే కండక్టర్ల వృత్తి గురించి. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు కూర్చోవడం, నిలబడటం, అన్నం తినడం, బట్టలేసుకోవడం, రాయడం, పదిమందిలో మాట్లాడటం, వీటన్నిటినీ ఒకే టీచరు, ఒకే గుంపులో, రోజంతా సాగే పాఠంగా నేర్పే పద్ధతిని కండక్టివ్ ఎడ్యుకేషన్ అంటారు. హంగరీలో పుట్టింది. అందులో శిక్షణ పొందిన టీచర్లే కండక్టర్లు.

ఇవాళ ఆ వృత్తి బలంగా లేదు. చేరేవాళ్ళు తక్కువ, చదువు చెప్పే చోట్లు తక్కువ, చదివాక దొరికే ఉద్యోగాలు ఇంకా తక్కువ. ఎందుకిలా అయింది, ఎలా నిలబడుతుంది అనే ప్రశ్నలు నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దీన్ని నయం చేసే వైద్యంలాగా తల్లిదండ్రులకు అమ్మినంతకాలం ఈ వృత్తి బాగుపడదు. బడిలో, ప్రభుత్వం జీతమిచ్చే టీచరు ఉద్యోగంగా మారితేనే దానికి భవిష్యత్తు. తెలుగు రాష్ట్రాలకు ఇందులో పనికొచ్చేది ఏదైనా ఉందంటే అది కూడా ఆ దారిలోనే ఉంది.

అసలు కండక్టర్ చేసే పని ఏమిటో దగ్గరగా చూస్తేగానీ ఈ వాదన అర్థం కాదు. ఉదయం తొమ్మిదింపావు. గదిలో ఆరుగురు పిల్లలు. చెక్క పట్టీల మధ్య సందులు వదిలి చేసిన బల్లమంచాలు వరసగా ఉన్నాయి. ఆ సందులు ఎందుకంటే, పిల్లలు వేళ్ళు దూర్చి పట్టుకోవడానికి. మంచం అంచున ఒక ఆరేళ్ళ పాప కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ బిగుసుకుని ఒకదాని మీదికి ఒకటి కత్తెరలా వచ్చేస్తాయి. చెయ్యాల్సిన పని మేజోడు విప్పడం. కండక్టర్ పాప వెనక నిలబడి ఉంది. చెయ్యి పట్టుకోలేదు, మేజోడు ముట్టుకోలేదు. మోకాలి మీద అరచెయ్యి ఆనించి, మడమ నేలకు తగిలేలా కాస్త నొక్కి ఉంచింది, అంతే. పిల్లలంతా గొంతు కలిపి అంటున్నారు, "నేను ముందుకు వంగుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు." ఆ ఐదు అంకెలు పూర్తయ్యేలోపు పాప వంగాలి. మొదటిసారి వేళ్ళు మేజోడు దాకా వెళ్ళి జారిపోయాయి. రెండోసారి అంచు చిక్కింది కానీ మడమ దగ్గర ఆగింది. మూడోసారి మడమ దాటింది. పక్క మంచం మీది పిల్లవాడు తన మేజోడు సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టాడు. కండక్టర్ వాడివైపు చూసి "మరి నీది?" అంది.

ఆ తర్వాత పాప నిచ్చెన మెట్లలాంటి వీపు ఉన్న కుర్చీని ముందుకు తోసుకుంటూ బాత్‌రూముకు నడిచింది. దారిలో కండక్టర్ ఇవాళ ఏ వారమని అడిగింది, నిన్న రాత్రి ఏం తిన్నావని అడిగింది. బాత్‌రూములో లోదుస్తులు కిందికి దించుకోవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం, చేతులు కడుక్కోవడం. మొత్తం ముప్పావుగంట పట్టింది. నా అపాయింట్‌మెంటు నిడివి కూడా దాదాపు అంతే. అయితే నాది కొన్ని వారాలకొకసారి. ఆమెది రోజూ.

నా వృత్తి భాషలో ఆ మేజోడులో చాలా ఉన్నాయి. నడుము నిలుపుకోవడం, తుంటి వంచడం, రెండు చేతులూ కలిపి వాడటం, కన్నూ చెయ్యీ కలవడం, ఊపిరి ఆపకుండా మాట్లాడటం. మా పద్ధతిలో వీటిని పంచుకుంటాం. కాళ్ళు నావి. చేతులు ఆక్యుపేషనల్ థెరపిస్టువి. నోరు స్పీచ్ థెరపిస్టుది. అక్షరాలు టీచరువి. బాత్‌రూము సహాయకురాలిది. ఎవరి ఫైలు వాళ్ళది, ఎవరి లక్ష్యాలు వాళ్ళవి. ఇవన్నీ కలిపి ఒక బతుకుగా మార్చే పని చివరికి తల్లి మీద పడుతుంది. కండక్టర్ వృత్తి ఉండాల్సిన కారణం నాకు అక్కడ కనిపిస్తుంది. పిల్లవాడి రోజు మొత్తానికి బాధ్యత పడే నిపుణులు ఇంకెవరూ లేరు.

సెరిబ్రల్ పాల్సీ ప్రపంచవ్యాప్తంగా ప్రతి 1000 జననాల్లో సుమారు 2 చొప్పున కనిపిస్తుంది. మెదడుకు దెబ్బ తగిలేది కడుపులో ఉండగానో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో. ఆ దెబ్బ పెరగదు. కానీ పిల్లవాడు పెరుగుతాడు. ఎముక పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం పెరగదు. తప్పుగా అలవాటైన కదలిక గట్టిపడిపోతుంది. కూర్చోవడం, నడవడం లాంటి స్థూలమైన కదలికల్లో ఈ పిల్లలు తాము చేరగలిగిన మేరకు దాదాపు 90 శాతం ఐదేళ్ళలోపే చేరుకుంటారని 2002లో కెనడా పరిశోధకులు గ్రాఫులు గీసి చూపించారు. తీవ్రత ఎక్కువున్న పిల్లల్లో ఆ గీత ఇంకా ముందే ఆగుతుంది. అంటే నేర్పే సమయం కొద్దిగా ఉంటుంది, ఆ కొద్ది సమయంలోనూ రోజూ నేర్పాలి. కొన్ని వారాలకొకసారి వచ్చే నిపుణుడితో జరిగే పని కాదు అది.

ఈ సంగతి కండక్టివ్ ఎడ్యుకేషన్‌కు ఆద్యుడైన ఆండ్రాష్ పెతోకి చాలా ముందే తట్టింది. 1893లో హంగరీలోని సోంబత్‌హెయ్‌లో పుట్టాడు, వియన్నాలో వైద్యం చదివాడు, 1938లో హంగరీకి తిరిగొచ్చాడు. యుద్ధం ముగిసి బుడాపెస్ట్ శిథిలాల్లో ఉన్న 1945లో, లాభం లేదని అందరూ వదిలేసిన కొద్దిమంది పిల్లలతో పని మొదలుపెట్టాడు. 1950లో ప్రభుత్వం దాన్ని జాతీయ సంస్థ చేసింది. నా దృష్టిలో ఈ వృత్తి చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం 1963. ఆ ఏడు సంస్థ ఆరోగ్యశాఖ చేతిలోంచి విద్యాశాఖ చేతిలోకి వెళ్ళింది, కండక్టర్లను తయారుచేసే విద్యాసంస్థగా మారింది. పెతో స్వయంగా డాక్టరే. అయినా ఇది చికిత్స కాదు, చదువు అని పట్టుబట్టాడు. నాలుగేళ్ళ శిక్షణ. రోజులో కొంత భాగం తరగతిలో, కొంత భాగం పిల్లల గుంపులో. సంగీతం నేర్చుకునేవాళ్ళు గురువు పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే, పెద్ద కండక్టర్ పక్కన నిలబడి నేర్చుకోవాలి.

చదువు, ఉద్యోగం, జీతం మూడూ ఒకే గడపలో ఉండటం వల్ల ఆ వృత్తి పుట్టింది. పెతో ప్రతిభ వల్ల మాత్రమే పుట్టలేదు. పద్ధతి గొప్పదని చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని వదిలేస్తారు. ప్రభుత్వం పోస్టులిచ్చింది కాబట్టే నాలుగేళ్ళు చదవడానికి అమ్మాయిలు వచ్చారు. 1967లో పెతో చనిపోయాడు. ఆయన శిష్యురాలు, డాక్టర్ మారియా హారి ఆ సంస్థను దశాబ్దాలపాటు నడిపింది. తన పద్ధతి గురించి పెతో రాసిపెట్టింది చాలా తక్కువ. దాన్ని పాఠంగా, పాఠ్యప్రణాళికగా మలిచిన శ్రమ ఎక్కువగా హారిది. 2017 నుంచి ఆ కాలేజీ బుడాపెస్ట్‌లోని సెమ్మెల్‌వైస్ విశ్వవిద్యాలయంలో ఒక ఫ్యాకల్టీ. వైద్యానికి పేరుపడ్డ విశ్వవిద్యాలయం అది. విద్యాశాఖ గొడుగు కిందికి వచ్చి వృత్తిగా ఎదిగినది మళ్ళీ వైద్యుల ఇంటికి చేరడం నాకు కొంత దిగులుగానే ఉంది. అయితే ఆ ఇంట్లో పరిశోధనకు డబ్బు, ప్రయోగశాలలు, డాక్టరేట్ అవకాశాలు ఉంటాయి. వాడుకోగలిగితే మంచిదే.

ఇక 1986. ఆ ఏడాది ఒక బ్రిటిష్ కుటుంబం తమ చిన్న కొడుకును బుడాపెస్ట్ తీసుకెళ్ళిన కథ బీబీసీ డాక్యుమెంటరీగా వచ్చింది. దేశం కదిలిపోయింది. వందల కుటుంబాలు హంగరీ దారి పట్టాయి. అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో మనస్తత్వవేత్త ఆండ్రూ సట్టన్ తదితరులు కలిసి కండక్టివ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ పెట్టారు. ఆ ఉత్సాహంలో నిజమైన ప్రేమ ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి పిల్లవాణ్ణి తీసుకెళ్ళిన తల్లిదండ్రుల్ని నేను ఒక్క మాట అనను. కానీ ఆ ఊపులో ఈ వృత్తి ప్రపంచానికి పరిచయమైన తీరు దాని నెత్తిమీద పెద్ద బరువు పెట్టింది. చూసినవాళ్ళ మనసులో మిగిలిన బొమ్మ ఒక్కటే, నడవలేని పిల్లవాడు నడుస్తున్నాడు. అప్పటి హంగరీలో మామూలు బడిలో చేరాలంటే పిల్లవాడికి నడక రావాలి. అందుకే బుడాపెస్ట్‌లో నడకకు అంత ప్రాధాన్యం. ఆ కారణం ఇంగ్లండ్‌కు రాలేదు. బొమ్మ మాత్రం వచ్చింది.

ఆ బొమ్మ మీద మొదట గట్టిగా విరుచుకుపడింది మైక్ ఆలివర్. బ్రిటన్‌లో వికలాంగుల అధ్యయనాలకు తొలి ప్రొఫెసర్, స్వయంగా వీల్‌చెయిర్ వాడేవాడు. 1989లో కండక్టివ్ ఎడ్యుకేషన్ మీద చాలా కటువైన వ్యాసం రాశాడు. నడవడమే మనిషితనమా, పిల్లల్ని మార్చే బదులు మెట్లను మార్చరేం అన్నది ఆయన వాదన సారం. ఆ విమర్శ వృత్తిలో చాలామందికి నొప్పి కలిగించింది. నేను ఆ విమర్శను శత్రువు మాటగా తీసుకోను. ర్యాంపు కావాలి, ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ కావాలి. వాటితోపాటు మేజోడు విప్పుకోవడం కూడా రావాలి. ఆ పాపకు పదహారేళ్ళు వచ్చాక స్నానాల గదిలో తనకు తానుగా చేసుకోగలిగే ప్రతి పనీ, ఇంకొకరి చెయ్యి తన ఒంటిమీద పడనవసరం లేని ఒక క్షణం. స్వతంత్రం గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని చిన్నవిషయం అనకూడదు. అలాగే కండక్టర్లు కూడా నడుస్తాడని ఆశ పెట్టడం పూర్తిగా మానెయ్యాలి. కదలికల ఇబ్బందిని కొలిచే ఐదు స్థాయిల్లో అన్నిటికన్నా తీవ్రమైన ఐదో స్థాయిలో ఉన్న పిల్లవాడు స్వతంత్రంగా నడవడు. ఆ మాట మొదటి రోజే మర్యాదగా చెప్పి, అయినా వాడికి నేర్పాల్సినవి చాలా ఉన్నాయని చూపించే ధైర్యం ఉన్నవాళ్ళే ఈ వృత్తిని కాపాడతారు.

పరిశోధన దగ్గరికి వస్తే, 1993లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన అధ్యయనం బర్మింగ్‌హామ్ కండక్టివ్ ఎడ్యుకేషన్ పిల్లల్ని ప్రత్యేక పాఠశాలల పిల్లలతో పోల్చి, ప్రగతిలో చెప్పుకోదగ్గ తేడా లేదంది. 2004లో సెరిబ్రల్ పాల్సీ మీద పనిచేసే అమెరికా అకాడమీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి, అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ నిర్ధారణగా చెప్పే ఆధారం లేదని తేల్చింది. ఈ రెండు నివేదికల్నీ దాచిపెట్టి ప్రచారం చేసే కేంద్రాలు ఈ వృత్తికి చేటు చేస్తున్నాయి. వాటినే పట్టుకుని ఇదంతా వృథా అనేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు ఐయోనా నోవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ చికిత్సలన్నిటినీ వడపోసింది. గట్టిగా నిలబడినవాటిలో పిల్లవాడు తానే ఎంచుకున్న లక్ష్యం కోసం తానే చేసే సాధన, రెండు చేతులతో పని చేయించే శిక్షణ, ఇంటిదగ్గర రోజూ సాగే కార్యక్రమం ఉన్నాయి. ఇంకొకరు ఒళ్ళు పట్టుకుని వంచి తిప్పే పాత పద్ధతులు నిలబడలేదు. కండక్టర్ గదిలో నేను రోజూ చూసేది మొదటి రకం పనే. దీన్ని రుజువు అనడం లేదు. దిశ సరైనదని మాత్రం అంటాను.

రుజువు కావాలంటే కండక్టర్లే రాసిపెట్టాలి. దక్షిణ స్వీడన్‌లో 1994లో సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం ఒక పర్యవేక్షణ కార్యక్రమం మొదలైంది. మామూలు ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ప్రతి పిల్లవాడి కీళ్ళ కదలికనూ కాలక్రమంలో ఒకే ఫారంలో నమోదు చేస్తూ పోయారు, తుంటి ఎక్స్‌రేలు వేళకు తీయించారు. తుంటి కీలు జారిపోవడమనే నరకాన్ని ఆ ప్రాంతంలో దాదాపు లేకుండా చేశారు. అందులో అద్భుతమేమీ లేదు. అందరూ ఒకే ఫారం నింపారు. కండక్టర్లకు మాకన్నా గొప్ప అవకాశం ఉంది, పిల్లల్ని వాళ్ళు రోజూ చూస్తారు. అయినా ఒక కేంద్రం రాసుకునేది ఇంకో కేంద్రానికి అర్థం కాదు. పెద్ద కండక్టర్ రిటైరైతే ముప్పై ఏళ్ళ జ్ఞానం ఆమెతోపాటు ఇంటికెళ్ళిపోతుంది. ఏ ఏ పనుల్లో పిల్లవాణ్ణి ఎత్తాల్సిన అవసరం ఇంట్లో తగ్గింది, అన్నానికి ఎంతసేపు పట్టింది, తోటి పిల్లలతో ఎంత మాట్లాడాడు, ఇలాంటివి అన్ని దేశాల కండక్టర్లూ ఒకే పద్ధతిలో నమోదు చేస్తే పదేళ్ళలో ఎవరూ కాదనలేని సమాచారం చేతిలో ఉంటుంది. ఈ వృత్తి సంఘాలు ఇంకే పని మానేసినా ఈ పని మానకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడున్న స్థితి ఏమిటంటే, బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టు అన్న పేరు పెట్టుకోవాలంటే నేను చట్టప్రకారం రిజిస్టరై ఉండాలి. కండక్టర్ అన్న పేరుకు ఆ రక్షణ లేదు. సొంతంగా పెట్టుకున్న వృత్తి సంఘం ఉంది, అంతే. 1997లో వుల్వర్‌హాంప్టన్ విశ్వవిద్యాలయంతో కలిసి బర్మింగ్‌హామ్‌లో డిగ్రీ మొదలైంది కానీ, ఎప్పుడూ బ్యాచ్‌లు చిన్నవే. కేంద్రాల్లో ఎక్కువభాగం విరాళాల మీద నడిచేవి. విరాళం తగ్గిన ఏడు గుంపు మూతపడుతుంది, కండక్టర్ వెళ్ళి మామూలు బడిలో టీచింగ్ అసిస్టెంటుగా చేరుతుంది. హంగరీ నుంచి వచ్చేవాళ్ళ మీద ఆధారపడిన చోట్ల 2020 చివరితో యూరప్ స్వేచ్ఛా రాకపోకలు ఆగాక ఇంకా కష్టమైంది. నాకు తెలిసిన ఒక కండక్టర్, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నావిడ, జీతం పెంచమని అడిగితే ఆమె పనిచేసే చోట "మీ డిగ్రీకి మా పే స్కేలులో గడి లేదు" అన్నారట. చాలా నెమ్మదిగా చెప్పింది నాతో ఆ మాట. అప్పటికే ఉద్యోగం మానాలని నిర్ణయించుకుంది.

గడి లేకపోవడమే అసలు జబ్బు. ఇక్కడి తల్లిదండ్రులు స్థానిక కౌన్సిల్‌తో నెలల తరబడి పోట్లాడి, పిల్లవాడి విద్యా ప్రణాళికలో కండక్టివ్ ఎడ్యుకేషన్‌ను చేర్పించుకుంటారు. పోట్లాడే శక్తి, ఇంగ్లీషు, లాయరు ఫీజు ఉన్నవాళ్ళకే అది దొరుకుతుంది. మన తెలుగు కుటుంబాల్లో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్ళు కొందరు గెలుచుకున్నారు. అదే పట్టణంలో గిడ్డంగిలో షిఫ్టులు చేసే తండ్రికి ఆ పేరు కూడా తెలియదు. ఉన్నవాళ్ళకే అందే వృత్తిని ఉన్నవాళ్ళే ఎల్లకాలం పోషించలేరు.

మరోలా చేసినవాళ్ళు లేకపోలేదు. ఇజ్రాయెల్‌లో తల్లిదండ్రులు 1987లో తసాద్ కదీమా అనే సంస్థ పెట్టుకుని, పిల్లల్ని బుడాపెస్ట్ పంపడం బదులు సొంత దేశంలో బాలవాడీలు, బడులు నడిపించారు. న్యూజిలాండ్‌లో కొన్ని మామూలు ప్రభుత్వ బడుల్లోనే కండక్టివ్ యూనిట్లు ఉన్నాయి. హాంకాంగ్ ఇంకా ఆసక్తికరమైన పని చేసింది. హంగరీ కండక్టర్ల కోసం ఎదురుచూడకుండా, తమ దగ్గరున్న థెరపిస్టులకు, టీచర్లకు, సహాయకులకు ఈ పద్ధతిలో తర్ఫీదునిచ్చి ఒక జట్టుగా పనిచేయించింది. 2010లో ఈ రంగపు ప్రపంచ మహాసభ కూడా అక్కడే జరిగింది. హాంకాంగ్ దారిని బుడాపెస్ట్ సంప్రదాయవాదులు కొందరు ఒప్పుకోరు. నాలుగేళ్ళ శిక్షణ లేనివాళ్ళు చేసేది కండక్టివ్ ఎడ్యుకేషన్ కాదంటారు. వాళ్ళ భయంలో న్యాయం ఉంది. వారాంతపు వర్క్‌షాపుకెళ్ళి సర్టిఫికెట్ తగిలించుకుని, చెక్క కుర్చీ, బల్లమంచం కొని, పాటలు పాడించి ఇదే కండక్టివ్ అని బోర్డు పెట్టేవాళ్ళను నేనూ చూశాను. మోకాలి మీద ఎంత నొక్కాలి, ఎప్పుడు చెయ్యి తీసెయ్యాలి అన్నది రెండు రోజుల్లో వచ్చే విద్య కాదు. చెయ్యి తీసెయ్యడమే కష్టమైన భాగం.

అయినా నేను హాంకాంగ్ వైపే మొగ్గుతాను. నాలుగేళ్ళ శిక్షణ పొందిన కండక్టర్ ప్రతి గుంపుకూ ఉండాలని పట్టుబడితే, ప్రపంచంలో సెరిబ్రల్ పాల్సీతో పుట్టే పిల్లల్లో అత్యధికులకు అది ఎన్నటికీ అందదు. వాళ్ళలో ఎక్కువమంది పేద దేశాల్లోనే పుడుతున్నారు. పూర్తి శిక్షణ పొందినవాళ్ళు గుంపు నడపడంతోపాటు ఇతరులకు నేర్పేవాళ్ళు కావాలి. ఒకరి కింద నాలుగైదు గుంపులు, ఆ గుంపుల్లో ఏడాది రెండేళ్ళ శిక్షణ పొందిన టీచర్లు. అప్పుడప్పుడు కాదు, క్రమం తప్పకుండా ఆ పెద్ద కండక్టర్ వచ్చి పక్కన నిలబడి చెయ్యి చూపించాలి. పలచబడుతుంది అనేవాళ్ళకు నా జవాబు, పర్యవేక్షణకు జీతమిస్తే పలచబడదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ వృత్తి పిల్లల దగ్గరే ఆగిపోకూడదు. పక్షవాతం వచ్చినవాళ్ళకు, పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్ళకు కండక్టర్ల గుంపులు ఎప్పటినుంచో ఉన్నాయి. తెనాలిలో మా మేనమామకు పార్కిన్‌సన్స్. గడప దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. పైకి గట్టిగా "ఒకటి, రెండు" అనుకుంటూ లయ పట్టుకుంటే గడప దాటుతాడు. శబ్దం, లెక్క, నేలమీద గీత లాంటి బయటి ఆసరాలు పార్కిన్‌సన్స్ నడకకు పనికొస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. పెతో గుంపుల్లో పిల్లలు లెక్కపెడుతూ కదిలేదీ ఆ సూత్రానికి దగ్గరిదే. వృద్ధులు పెరుగుతున్న ప్రపంచంలో ఉద్యోగాల సంఖ్య ఇటువైపు నుంచే పెరుగుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉండి పెద్దవాళ్ళయినవాళ్ళు మరీ అన్యాయమైపోతున్నారు. పద్దెనిమిది దాటగానే పిల్లల విభాగం తలుపు మూసుకుంటుంది. వాళ్ళలోంచి కండక్టర్లు కూడా రావాలి. అన్నం కలుపుకోవడానికి తను పడ్డ పాట్లు తెలిసిన మనిషి నేర్పితే ఆ పాఠం వేరుగా ఉంటుంది.

ఇప్పుడు మన వైపు. భారతదేశంలో పునరావాస నిపుణుల నమోదుకు 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఉంది. ఆ చట్టం కిందికి వచ్చే వృత్తులలో స్పెషల్ టీచర్లు ఉన్నారు, స్పీచ్ థెరపిస్టులున్నారు, కృత్రిమ అవయవాలు చేసేవాళ్ళున్నారు, బహుళ ప్రయోజన పునరావాస థెరపిస్టులు కూడా ఉన్నారు. కండక్టర్లు లేరు. రిజిస్టరు కాకుండా ఆ పనులు చేస్తే శిక్ష ఉంది. అంటే బుడాపెస్ట్‌లో చదివొచ్చిన తెలుగమ్మాయి ఒకరుంటే, ఆమెకు ఆ చదువు పేరుమీద ఇక్కడ ప్రభుత్వ బడిలో ఉద్యోగం దొరకదు.

అందుకని కొత్త పేరు కోసం పోరాడమని నేను చెప్పను. పేరు తర్వాత సంగతి. పని ఇప్పటికే ఎక్కడ జరుగుతోందో అక్కడ మొదలుపెట్టాలి. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సెలవులో ఇంటికెళ్ళినప్పుడు గుంటూరు వైపు ఒక కేంద్రంలో ఒక ఉదయం కూర్చున్నాను. ఒక టీచరు, ఒక ఆయా, ఎనిమిదిమంది పిల్లలు. అందులో ముగ్గురు సెరిబ్రల్ పాల్సీ పిల్లలు. "ఫిజియో డాక్టరు గారు వచ్చేది వారానికి ఒక్కరోజు మేడమ్, మిగతా రోజులన్నీ మేమే కదా" అన్నారు టీచరు. ఒక పిల్లవాడు ప్లాస్టిక్ కుర్చీలో ఒరిగిపోకుండా రెండు పక్కలా దిండ్లు పెట్టారు. చెంచా పిడికి గుడ్డపీలిక చుట్టి లావు చేశారు. ఆయా వాడి మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి, చెంచా నోటిదాకా వచ్చాక మెల్లగా తీసేసింది. పప్పన్నం సగం చొక్కా మీద పడింది, సగం నోట్లోకి వెళ్ళింది. "నేనే తినిపిస్తే రెండు నిమిషాల్లో అయిపోద్దమ్మా. కానీ ఆడు పెద్దోడయ్యాక నేనుండను కదా" అంది.

నాలుగేళ్ళు చదివిన కండక్టర్ చేసే పని అదే. ఎక్కడ పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఆమెకు ఎవరూ నేర్పలేదు, అనుభవంతో పట్టేసింది. కానీ కాలు కత్తెరపడినప్పుడు తుంటిని ఎలా ఉంచాలో ఆమెకు తెలియదు, తెలియకపోవడం ఆమె తప్పు కాదు. ఆ పిల్లవాడు నేలమీద డబ్ల్యు ఆకారంలో కాళ్ళు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటున్నాడు. అది మార్పించడానికి నేను ఆమెకు పది నిమిషాలు చూపించాను, వెంటనే పట్టుకుంది. వారానికోసారి ఫిజియోథెరపిస్టు వచ్చి పిల్లవాడి కాళ్ళు వంచి వెళ్ళిపోయే బదులు, ఆ సమయం ఈ ఇద్దరికీ నేర్పడానికి వాడితే ఎంత బాగుంటుంది!

ప్రాథమిక బడుల్లో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆ పై తరగతుల్లో ప్రతి పదిహేనుమందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2025లో రాష్ట్రాల్ని పోస్టులు ప్రకటించమని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ రెండు వేలకు పైగా పోస్టులు మంజూరు చేసింది. ఇన్నాళ్ళూ కాంట్రాక్టు మీద నలిగిన రంగంలో ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ టీచర్ల చదువులో కదలికల వైకల్యం గురించి చెప్పేది పుస్తకంలో కొన్ని పేజీలే. బాత్‌రూముకు తీసుకెళ్ళడం కూడా పాఠమే అని వాళ్ళకు ఎవరూ చెప్పరు, అది ఆయా పని అనుకుంటారు.

ఆ పోస్టుల్లో చేరినవాళ్ళలో సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో పనిచేస్తామని ముందుకొచ్చేవాళ్ళకు, జీతం కొనసాగిస్తూ, రెండేళ్ళ అదనపు శిక్షణ ఇవ్వాలని నా ప్రతిపాదన. సగం రోజులు పిల్లల గుంపులోనే. పాఠ్యప్రణాళిక సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థలాంటి చోట తయారుకావచ్చు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆమోదించవచ్చు. మొదటి రెండేళ్ళు బుడాపెస్ట్ నుంచో హాంకాంగ్ నుంచో ఇద్దరు పెద్ద కండక్టర్లను పిలిపించుకోవచ్చు. నాలాంటి ఫిజియోథెరపిస్టులు విదేశాల్లో చాలామందిమి ఉన్నాం, సెలవులు పెట్టుకుని వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. చెక్క సామాను వడ్రంగి చేసిపెడతాడు, దిగుమతి చేసుకోనక్కరలేదు. పాటలు, లెక్కలు, "నేను చెయ్యి చాపుతున్నాను" అనే మాటలు తెలుగులోనే ఉండాలి, అవి ఆ టీచర్లే రాసుకోవాలి. మొదటిరోజు నుంచే అన్ని కేంద్రాల్లో ఒకే ఫారం నింపాలి. శిక్షణ పూర్తిచేసినవాళ్ళకు పే స్కేలులో పై మెట్టు ఉండాలి. లేకపోతే రెండేళ్ళు ఎవరూ చదవరు, చదివినా నిలవరు.

మొదటి బ్యాచ్‌కి ఒక జిల్లా, ఇరవైమంది టీచర్లు చాలు. వాళ్ళతోపాటు ఆయాలకూ ఆర్నెల్ల శిక్షణ, దాని తర్వాత జీతం పెంపు, ఏదో ఒక హోదా ఉండాలి. చదువు అర్హత లేదన్న కారణంతో వాళ్ళను ఆ తరగతి గదిలోకి రానివ్వకపోతే మాత్రం నేను ఒప్పుకోను. ఆ పిల్లవాడి మోచేతి కింద ఎప్పుడు చెయ్యి తియ్యాలో ఆ గదిలో మిగతావాళ్ళకు చూపించగలిగేది వాళ్ళే.